తలుపు చాటున గొర్రెపిల్ల

పొద్దున పెడతామన్న ఆన్‌లైన్ ఇంటర్వ్యూను కంపెనీవాళ్లు సాయంత్రానికి మార్చారు. సరిగ్గా గొర్రెల మంద ఇల్లు చేరే వేళ. తల్లులు కనబడితే పాలకు పిల్లలు గోల చేస్తాయి. ఆ గోలకు బిడ్డ మల్లికకు రావలసిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోతుందేమోనని పర్వతాలుకు గుబులు పట్టుకుంది.

గొర్రెపిల్లలను కూడా అక్కడికే తోలి, మందను ఊరవతల చెలకలోనే ఆపమని తమ్ముడికి చెప్పాడు. మొన్న పుట్టిన పిల్ల ఒక్కటే అంత దూరం నడవలేక ఇంట్లో ఉంది. దాన్ని చంకన పెట్టుకుని, నోటికి వేలు అందించి, మల్లిక గది తలుపు చాటున కూర్చున్నాడు. వేలు చీకినంతసేపు అది అరవదు.

"మాటిమాటికీ తలుపువైపు చూస్తున్నారు. అక్కడెవరు?" అంది ల్యాప్‌టాప్‌లోని గొంతు.

"మా బాపు సార్."

"జవాబులు చెప్తున్నారా?"

"అయ్యో, మా బాపుకు సంతకమే రాదు సార్!"

"అందరూ అదే అంటారు. కెమెరా తిప్పండి."

మల్లిక ల్యాప్‌టాప్‌ను తలుపువైపు తిప్పింది. ఏం చేయాలో తోచక పర్వతాలు లేచి దండం పెట్టాడు. వేలు జారగానే పిల్ల ఇల్లెగిరిపోయేలా అరిచింది.

"ఇది చెల్లదు. రేపు ఇదే టైముకు ఇంకొకరు మొదటినుంచి అడుగుతారు," అని ఆ గొంతు కాల్ కట్ చేసింది.

"జర అవతలికి పోతే ఏమైతుండె బాపూ!" మల్లిక తల పట్టుకుంది.

"నువ్వేం జెప్తవో ఇనబుద్ధయింది బిడ్డా. ఒక్క ముక్క సమజ్ గాలె." భయంగా అడిగాడు. "గా సారు కోపానికొచ్చిండా, నవ్విండా?"

"నాకేం ఎరుక? వాళ్ల కెమెరా ఆన్ చెయ్యరు బాపూ."

పర్వతాలు పిల్లకు మళ్లీ వేలు అందించాడు. "రేపటి సారన్న కనవడ్తడా?"