నోటుబుక్కులో తడిసిన పేరు

శంకర్ నోటుబుక్కులో ఒకే ఒక్క పేరు చెరిగిపోతూ వస్తోంది. మొదట నాలుగో పేజీలో, తర్వాత ఆరులో, నిన్నటికి పదకొండులో. వాక్యం అలాగే ఉంటుంది. ‘వరలక్ష్మి’ అని ఉండాల్సిన చోట మాత్రం తడివేలితో రుద్దినట్టు సిరా అలుక్కుపోయి, కాగితం పొర లేచిపోయి ఉంటుంది.

వరలక్ష్మి అతని నవలలో దెయ్యం. విశాఖపట్నం ప్రచురణకర్త నవలంతా చదివి, “బాగుంది, కానీ సముద్రం ఒడ్డు కథలో భయమేదీ?” అని అడిగాక పుట్టింది. నెలాఖరుకల్లా దిద్దిన ప్రతి అందకపోతే ఈ ఏడాదికి అచ్చు లేదన్నాడాయన. శంకర్‌కి పగలంతా పురుషోత్తంపూర్‌లో గుమాస్తా పని. ఒడిశాలో, బరంపురంలోని తన అంకులి పేట నుంచి బస్సులో వెళ్తూ వస్తూ ఆ కొత్త అధ్యాయాన్ని చేత్తో రాస్తున్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి, టీ తాగుతూ పైకి చదివి, చెవికి నచ్చని వాక్యాన్ని కొట్టేస్తాడు. వాళ్ళ ఇంట్లో కాలేజీ చదివినవాడు అతనొక్కడే. పుస్తకం అచ్చులో చూసుకోవాలని ఆరేళ్ళుగా కాచుకుని ఉన్నాడు.

ఎవరి పని ఇది? బరంపురంలో తెలుగు మాట్లాడేవాళ్ళు వీధివీధికీ ఉన్నారు, చదవగలిగినవాళ్ళే తక్కువ. భార్య సస్మిత ఒడియా బళ్ళో చదివింది. తల్లి ముసలమ్మకి ఏ భాషలోనూ అక్షరమ్ముక్క రాదు. ఇక మిగిలింది ఆఫీసులో పక్క బల్ల తాతారావుగారు.

శనివారం భోజనాల వేళ అడిగేశాడు. “తాతారావుగారూ, నా సంచీ ఏటైనా ముట్టుకున్నారేటి?”

“నీ సంచీలో ఏటుందయ్యా? అన్నం డబ్బా, దెయ్యమూ. డబ్బాలో మీ అమ్మ సేపల పులుసుంటే ముట్టుకుందును.”

“నవ్వులాట కాదండీ. ఎవరో పేరు సదివి మరీ తుడిపేస్తన్నారు. ఇక్కడ తెలుగు సదివేది మీరొక్కరే.”

తాతారావు ముఖంలో నవ్వు పోయింది. “అంటే నేను దొంగనా, శంకరూ?” డబ్బా మూత బిగించుకుని లేచి వెళ్ళిపోయాడు. సాయంత్రం దాకా ఇటు తిరిగి చూడలేదు.

శంకర్ ఆ పూటంతా సంచీ ఒళ్ళోంచి దించలేదు. ఇంటికొచ్చి చూస్తే కొత్తగా చెరిగిన పేజీ ఒక్కటీ లేదు. నోటుబుక్కు బల్లమీద పెట్టి స్నానానికి వెళ్ళొచ్చేసరికి పద్నాలుగో పేజీ ఇంకా చెమ్మగా ఉంది. తాతారావుగారు అడిగిన పులుసు దగ్గర్నుంచి అలిగి లేచిపోవడం దాకా అంతా ఇంట్లోవాళ్ళకి చెప్పి, సస్మితకేసి చూశాడు.

“నన్ను సూస్తావేటి?” అంది సస్మిత. “మీ అచ్చరాలన్నీ నాకు ఒక్కలాగే ఉంటాయి. నీ దెయ్యమే సిగ్గేసి తుడిసీసుకుంటందేమో!”

నవ్వుదామనుకున్నాడు, నవ్వు రాలేదు. భయం పుట్టించాల్సినవాడే ఆ రాత్రి దీపం ఆర్పకుండా పడుకున్నాడు.

ఆదివారం ఉదయం “బజారుకెల్తన్నాను” అని కేకేసి, ఇల్లు చుట్టి వచ్చి పెరటి కిటికీ పక్కన నక్కాడు. కాసేపటికి ముసలమ్మ చేపలు కడిగిన చేతులు కొంగుకి తుడుచుకుంటూ గదిలోకి వచ్చింది. అటూ ఇటూ చూసి నోటుబుక్కు తెరిచింది. ఎడమ ముంజేతిని పేజీ పక్కన ఆనించింది. ఆ చేతిమీద ‘వరలక్ష్మి’ అని నాలుగక్షరాల పచ్చబొట్టు. పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే, అమ్మవారి పేరనుకుని ఎన్నడూ అడగనిదే, దెయ్యానికి పేరు వెతుక్కుంటే తెలియకుండానే కలంలోకి వచ్చిందీ అదే. ఆమె వేలు చేతిమీది నుంచి కాగితం మీదికి, మళ్ళీ చేతిమీదికి, వరస వెంబడి వరస పోల్చుకుంటూ వెళ్ళింది. ఒకచోట ఆగింది. నాలిక్కి వేలు తడుపుకుని రుద్దసాగింది.

“అమ్మా!”

ఆమె ఉలిక్కిపడలేదు. “వచ్చీసినావా?”

“అది అమ్మోరి పేరు కాదా?”

“నీకు ముందు పుట్టింది. ఆరేల్ల పిల్ల. గోపాల్‌పూర్‌లో కెరటం లాగీసింది. ఇంట్లో దాని పేరెత్తొద్దని మీ అయ్య ఒట్టెట్టించుకున్నాడు. నోటితో అననన్నాను. అందుకే సేతిమీద పొడిపించుకున్నాను.” ఆమె గొంతు పెరిగింది. “రోజూ టీ తాగతా సదూతావు కదా, ఇన్నాను. నీల్లలోంచి లేసొచ్చి ఊరోల్ల పీకలు నొక్కుతాదా నా పిల్ల? సీమని తొక్కాలన్నా ఏడిసేదిరా అది!”

శంకర్ లోపలికొచ్చి కూర్చున్నాడు. మిగిలిన పేజీల్లో ఆ పేరు ఎక్కడుంటే అక్కడ తనే దట్టంగా కొట్టేశాడు. తర్వాత ఒక తెల్లకాగితం తీసి, నవల మొదటి పేజీ కోసం అంకితంగా ఒక్క వరస రాసి తల్లి ముందు పెట్టాడు. ఆమె ముంజెయ్యి ఆనించి పోల్చుకుంది.

“ముందర ఏటో ఉంది?”

“అక్క అని.”

ఆమె వేలు అక్షరాల మీద చాలాసేపు ఉంది, పొడిగానే.

“దెయ్యానికి యే పేరెట్టుకుంటావో నీ ఇష్టం. మనింట్లోది మాత్రం కాదు,” అంటూ లేచింది. గుమ్మం దగ్గర ఆగింది. “ఆ ఆపీసాయనకి రేపు పులుసు అట్టుకెల్లు. ఊరికే దొంగని సేసీనావు.”