ధన్యవాద్ ఉన్న అర్జీలు

జిల్లా పేరు ఎందుకులెండి, బస్తర్‌లో ఒక జిల్లా అనుకుంటే చాలు. అక్కడి అర్జీల ఆఫీసులో నాలుగు వేల నూట పన్నెండు అర్జీలు ఎవరూ చదవకుండా పడి ఉన్నాయి. చదివే మనుషులు లేక కాదు. ముగ్గురు గుమాస్తాలున్నారు, ముగ్గురికీ చదువు వచ్చు. ఒకటి చదివితే రెండోది కూడా చదవాల్సి వస్తుందని వాళ్ల భయం.

అలాంటి చోటికి నవీన వచ్చి పడింది. అదే జిల్లాలో తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న ఇప్పలగూడెం ఆమెది. దంతెవాడలో మూడు నెలలు ప్రోగ్రామింగ్ నేర్చుకుని, ఆర్నెల్ల కాంట్రాక్టు మీద చేరింది. నేర్చుకున్నది, దాచడమెందుకు, స్ట్రింగుల దాకానే. కొటేషన్ గుర్తుల మధ్య ఏ మాట పెట్టినా అది కంప్యూటర్‌కు స్ట్రింగు, అంటే వరసగా పేర్చిన అక్షరాలు. పెద్ద స్ట్రింగులో ఫలానా చిన్న స్ట్రింగు ఉందా అని అడిగితే ఉందనో లేదనో చెబుతుంది. ఎన్నిసార్లు ఉందో లెక్క కూడా చెబుతుంది. ఆ మాటకు అర్థమేమిటో దానికి తెలియదు, తెలుసుకోవాలన్న ఆశా లేదు. ఆ ఒక్క గుణంతోనే అది ఆఫీసులో ఇట్టే కలిసిపోయింది.

ఆఫీసరు వీరేందర్ సాహెబ్ ఆమెను పిలిచి, అర్జీలన్నీ స్కాన్ చేసి కంప్యూటర్ చేత చదివించమన్నాడు. ఏం వెతకాలి సార్ అని నవీన అడిగితే కాసేపు ఆలోచించాడు. పని అయినవాడు ధన్యవాద్ అంటాడు, కానివాడు అనడు. కాబట్టి ధన్యవాద్ అన్న మాట ఉన్న అర్జీకి పచ్చరంగు, లేనిదానికి ఎర్రరంగు అని తేల్చేశాడు. నవీనకు సబబుగానే తోచింది. మొదటి ప్రోగ్రాం రాయబోతున్న సంబరంలో ఆ పిల్లకు అప్పుడు ఎవరేం చెప్పినా సబబుగానే తోచేది. మూడు వరసలు రాసి బటన్ నొక్కింది.

నాలుగు వేల తొంభై అర్జీలు పచ్చగా వచ్చాయి. మిగిలిన ఇరవై రెండూ చివరి పేజీ చిరిగిపోయినవి.

రాయ్‌పూర్ నుంచి మెచ్చుకోలు వచ్చింది. ఇంత తృప్తిగా ఉన్న జనం రాష్ట్రంలో మరెక్కడా లేరట. సాహెబ్ లడ్డూలు పంచాడు. నవీన తన వాటా తింటూ, చేసిన పని మరోసారి చూసుకుందామని పచ్చ జాబితా తెరిచింది. అందులో వాళ్ల నాన్న ముసలయ్య కనిపించాడు.

ఊరి బోరింగు చెడిపోయి రెండు ఎండాకాలాలైందని, ఆడవాళ్లు వాగు ఇసకలో చెలమ తవ్వి నీళ్లు తోడుకుంటున్నారని, ఆ చెలమా ఎండుతోందని, కొత్త బోరు వేయించమని అర్జీ. చివర ధన్యవాద్. పై అర్జీ చూసింది. డాక్టరు రావడం లేదు, ధన్యవాద్. కింది అర్జీ చూసింది. బడి పైకప్పు కూలింది, ధన్యవాద్. అడగబోయేవాడు ముందే దండం పెట్టడం ఆ చుట్టుపక్కల మర్యాద. ఆ మర్యాద తెలిసి కూడా తనకెందుకు తట్టలేదా అని నవీన తల పట్టుకుంది.

కొత్త బోర్ల జాబితాలోకి ఎర్ర అర్జీలే వెళ్తాయి. నెలాఖరుకు జాబితా మూసేస్తారు, దాటితే మళ్లీ ఏడాదికే. చెలమ దగ్గర ఊట కోసం గంటల తరబడి కూర్చునేది ఆమె కన్నతల్లి. పరుగున వెళ్లి సాహెబ్‌కు సంగతి చెప్పింది. ఆయన ఓపిగ్గానే విన్నాడు. ఇప్పుడు ప్రోగ్రాం మారిస్తే నాలుగు వేలమంది ఒక్కరోజులో తృప్తి పోగొట్టుకుంటారు, అంతమంది ఉసురు ఎందుకు పోసుకుంటావు బేటీ అని నచ్చజెప్పాడు. ఆ సాయంత్రమే ప్రోగ్రాంకు పాస్‌వర్డ్ పెట్టించి, ఇకనుంచి నువ్వు బటన్ నొక్కితే చాలన్నాడు.

నవీన ఇంటికి ఫోన్ చేసింది.

"నాయినా, ఇంకో అర్జీ పెట్టు. ఈసారి ధన్యవాద్ చెప్పకు."

"అడగబోయేటోళ్లం. ఆ ఒక్క మాట గూడ లేకుంటే ఎట్ల బిడ్డా? ఏమన్న బాగుంటదా?"

తల్లి వెంకమ్మ ఫోన్ లాక్కుంది. ఆ ఇంట్లో మర్యాద చూసేది ఆయన, నీళ్లు మోసేది ఆమె. "ధన్యవాద్ చెప్పొద్దు, అంతేగద? నేను జూసుకుంట," అని పెట్టేసింది.

చూసుకుంది. ముప్పై ఇద్దరు ఆడవాళ్లను వెంటబెట్టుకుని పంచాయతీ ఆఫీసుకు పోయి, అక్కడి ఆపరేటర్ చేత హిందీలో అర్జీ కొట్టించి, అందరి చేతా వేలిముద్రలు వేయించింది. జాబితా మూసే ముందు రోజు అది కంప్యూటర్‌లోకి వచ్చింది. నవీన బటన్ నొక్కింది.

పచ్చగా వెలిగింది.

తెరిచి చదివింది. బోరింగు బాగుచేయలేదు, మీకు ధన్యవాద్ చెప్పం. చెలమ ఎండింది, ధన్యవాద్ చెప్పం. మీ జీపు వచ్చి చూసి పోయింది, దానికీ ధన్యవాద్ చెప్పం. అలా ఏడుసార్లు. తల్లి తెగువకు నవీన పొంగిపోయింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. కాగితం ప్రింటు తీసి, సాహెబ్ ఎదుట నిలబడి మొదటి నుంచి చివరిదాకా పైకి చదివింది. ఒక అర్జీని పూర్తిగా వినడం ఆయన సర్వీసులో అదే మొదలు.

ధన్యవాద్ ఎన్నిసార్లు ఉందని అడిగాడు. ఏడుసార్లని చెప్పింది.

"సార్, చెప్పం అంటున్నారు వాళ్లు."

చెప్పేదీ చెప్పనిదీ మనం తేల్చేది కాదన్నాడు సాహెబ్. జిల్లాలో ఏ అర్జీలోనూ ఒకటికి మించి లేదు, ఈ ఊరి అర్జీలో ఏడున్నాయి అని ముచ్చటపడ్డాడు. పోనీ చేత్తోనైనా ఊరి పేరు బోర్ల జాబితాలో రాయమని ఆమె బతిమాలింది. పచ్చ ఊరిని ఎర్ర జాబితాలో కలిపితే ఆడిట్‌వాళ్లు ఊరుకోరన్నాడు. మర్నాడు జాబితా వెళ్లిపోయింది. ఇప్పలగూడెం అందులో లేదు.

పది రోజులకు వెంకమ్మ ఫోన్ చేసింది.

"బిడ్డా, సర్కారు బండొచ్చింది. గడ్డపారలు దింపి పాత బోరింగు పక్కనే తవ్వబట్టిండ్రు. ఊరంత బిందెలు దెచ్చి లైను గట్టినం. మీ నాయిన వాళ్లకు చాయ గూడ పోయించిండు."

నవీన కుర్చీలోంచి లేచింది. తర్వాత ఏమైందమ్మా అంది.

"బోర్డు పాతిండ్రు. జిల్లాల అందరికన్న తృప్తిగున్న ఊరని రాసిందంట, పిల్లలు చదివిండ్రు. సిమెంటు కలపనీకి నీళ్లు గావాలన్నరు. పొద్దున చెలమకాడ తోడిన బిందె ఒక్కటుండె. బోరు కోసమే అనుకుని నేనే ఇచ్చిన."