చప్పుడు లేని కారు

డ్రైవర్ని కాకముందు నేను మగ్గం నేసేవాణ్ణి. మగ్గం గుంటలో కూర్చొని ఏళ్ల తరబడి పలకలు ఆడించిన పాదం నాది. దానికి గట్టిగా తొక్కడం తెలియదు, మెత్తగా అదమడమే తెలుసు. అందుకే పెట్రోలు ధర మండిపోతున్న ఆ రోజుల్లో కూడా పత్తి సేటు అంబాసిడర్ నా చేతిలో పొదుపుగా నడిచింది.

ఆ విద్యంతా నా బామ్మర్ది వెంకటరాజానికి నేర్పాను. పక్కన కూర్చొని మరీ చెప్పాను.

"తొక్కకురా, జర అదుము. ముంగట అడ్డం కనవడ్తె ముందే కాలు తియ్యి. ఊకె బ్రేకు కొడితె పెట్రోలంత గంగల కలిసినట్టే. దిగుడు వస్తె ఇంజను బందు వెట్టు."

వాడు చక్కగా నేర్చుకున్నాడు. ఆ వెంటనే సేటు నన్ను పిలిచాడు.

"కైలాసం, నీకు కండ్లు సరిగ ఆనుతలేవట గద. ఇగ బండి నీ బామ్మర్ది నడుపుతడు."

నా కళ్లకు ఏ రోగమూ లేదు. ఎవరు చెప్పారని అడిగాను.

"నీ బామ్మర్దే చెప్పిండు. పాపం, నీ మీద ఫికర్‌తోని."

ఓ రోజు రైలు బ్రిడ్జి దిగుతూ నడిచిపోతున్నాను. వీపు వెనకే హారన్ మోగితే అదిరిపడ్డాను. ఇంజను ఆపేసిన అంబాసిడర్ పిల్లిలా జారుకుంటూ వచ్చి ఆగింది. వెంకటరాజం తల బయటపెట్టి నవ్వాడు.

"ఎక్కు బావా, ఇంటికాడ దింపుత."

ఒళ్లు మండిపోయింది.

"పెట్రోలు పోతె పోయింది గని, నా ఎన్కనుంచి వచ్చేటప్పుడు ఇంజను స్టార్ట్ జేసుకొని రారా," అన్నాను. "జర చప్పుడన్న ఇనవడాలె."