రంజీకి పట్టుకెళ్లిన గాలి

మల్కాపురంలో కరెంటు పోయిందంటే చాలు, ఆ వీధి ఆడవాళ్లంతా గిన్నెలు పట్టుకుని మహాలక్ష్మమ్మ గుమ్మంలో వాలిపోతారు. ఆమె మొగుడు పైడయ్య వేటకెళ్లి చేపలెన్ని తెస్తాడో గంగమ్మ తల్లికే తెలియాలి గానీ, గాలి మాత్రం దండిగా తెస్తాడు. చిరిగిన వలను పడవ మీద ఎత్తి కడతాడు. అది ఉబ్బగానే మూతి ముడేసి, ఇంటికొచ్చి స్టీలు డబ్బాల్లో పోస్తాడు. మూత మీద పసుపు బొట్టుంటే సముద్రపు గాలి, సున్నం బొట్టుంటే కొండగాలి. మజ్జిగ అడిగినట్టే అడుగుతారు, పోయించుకుని పోతారు. గాలి అడిగినవాళ్లకి లేదనకూడదు, అమ్మనూ కూడదు. అంతకుమించి దాని గురించి ఎవరూ ఏమీ అనుకోరు.

ఆ రోజు గిన్నెల గోల మొగుడికి ఒప్పజెప్పి, మహాలక్ష్మమ్మ పసుపు బొట్టు డబ్బా ఒకటి చంకన పెట్టుకుని ఆటో ఎక్కింది. ఎందుకంటే కొడుకు కొంప మునిగేలా ఉంది.

కొడుకు నాగబాబు రంజీలో ఆంధ్రా జట్టుకి బౌలింగ్ చేస్తాడు. అతని బంతి బ్యాటు దాకా బుద్ధిమంతుడిలా వచ్చి, అక్కడ బయటికి జారుకుంటుంది. తెలిసిన విద్య అదొక్కటే, పదేళ్లుగా దాంతోనే నెట్టుకొచ్చాడు. ఈసారి సొంతూళ్లో మ్యాచ్ పడింది గానీ, అక్టోబరు ఉక్కలో ఆకు కదల్లేదు, బంతి వంగలేదు. మొదటి ఇన్నింగ్స్‌లో ఒక్క వికెట్టూ రాలేదు. రెండోదాంట్లోనూ ఉత్త చేతులే అయితే వచ్చే మ్యాచ్‌కి కొత్త కుర్రాణ్ణి దించుతానని కోచ్ చెప్పేశాడు. ముప్పయ్యేళ్లకి జట్టులోంచి పోయినవాణ్ణి మళ్లీ ఎవరు పిలుస్తారు?

“అయిపోనాదే అమ్మా,” అన్నాడు రాత్రి హోటల్ నుంచి ఫోన్ చేసి. “నాన్న పడవలోన సోటుందో లేదో అడుగు.”

గాలీ గీలీ పట్టుకుని గ్రౌండుకి రావద్దని ఎప్పుడో ఒట్టు వేయించుకున్నాడు. ఇన్నాళ్లూ ఆ తల్లి మాట దాటలేదు. కానీ పడవలో చోటు అడిగాక ఇంకేం ఒట్టు, తీసి గట్టున పెట్టింది.

స్టేడియం గేటు దగ్గర కానిస్టేబుల్ ఆపాడు.

“డబ్బాలోన ఏటమ్మా? తినేవీ తాగేవీ లోపలికి ఒగ్గం.”

“గాలి బాబూ.”

“గాలైతే పర్లేదు. కూసింత నా మొకమ్మీద కొట్టవా తల్లీ, ఉక్కకి సచ్చిపోతన్నాను.”

“ఇప్పుడు తీత్తే అంతా ఎల్లిపోద్ది నాయినా. వచ్చినప్పుడు ఇత్తాను,” అని లోపలికి పరుగెత్తింది.

రంజీకి టికెట్టూ ఉండదు, జనమూ ఉండరు. కానీ నాలుగో రోజు ఆట రసకందాయంలో పడిందని తెలిసి మెట్లు సగం నిండాయి. అవతలి జట్టుకి ఆరు పరుగులు కావాలి, చేతిలో రెండే వికెట్లు. వాళ్ల బ్యాటరొకడు సెంచరీ కొట్టి, కొరకరాని కొయ్యలా పాతుకుపోయి ఉన్నాడు. మిగతా బౌలర్లు డస్సిపోయారు. కెప్టెన్ బంతి నాగబాబు చేతికిచ్చాడు.

“మనోడికి బంతినిచ్చారండోయ్,” పక్కన గొడుగేసుకుని కూర్చున్న, స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన శ్రీరామ్మూర్తి నిట్టూర్చాడు. “బయటికేత్తాడు, ఆడు వదిలేత్తాడు. పొద్దున్నుంచీ అదే వరస.”

మహాలక్ష్మమ్మ డబ్బాని ఒళ్లోకి తీసుకుంది. గంగమ్మకి దండం పెట్టుకుని మూత తీసింది.

ఉప్పు వాసన రాలేదు. సింహాచలం కొండ మీది సంపెంగల వాసన గుప్పుమంది.

“ఓలమ్మో! ఈ ముసిలోడు సీకట్లోన మూతలు మార్సీసినాడు!” అని నెత్తి బాదుకుంది. సముద్రపు గాలికైతే బంతి బయటికి పోతుంది, కొండగాలి దాన్ని లోపలికి తోస్తుంది. కొడుక్కి రానిదే అది! మూత మళ్లీ అదిమింది గానీ, బయటపడ్డ గాలి వింటుందా? పెవిలియన్ మీద జెండా లేచి నిలబడింది.

పరుగు మొదలెట్టిన నాగబాబు సగంలో ఆగిపోయాడు. వాళ్ల నాన్న పడవ మీద చూసినట్టే, చెంప గాలికి పెట్టి చూశాడు. తర్వాత తిన్నగా ఆమె కూర్చున్న మెట్ల వైపు చూశాడు. ఆమె డబ్బాని పైట కింద దాచుకుంది. కొంప కూల్చేశానని ఏడుపొచ్చింది. నాగబాబు వెనక్కెళ్లి, చేతిలో బంతిని తిప్పి పట్టుకుని, మళ్లీ పరుగెత్తాడు.

బ్యాటర్ అలవాటు కొద్దీ బ్యాటు పైకెత్తి వదిలేశాడు. బంతి దగ్గరదాకా వచ్చి, మనసు మార్చుకుని, గిరుక్కున లోపలికి తిరిగింది. ఆఫ్ స్టంప్ పల్టీలు కొట్టింది.

“లోపలికండీ! ఈడికి లోపలికి రాదు కదండీ!” శ్రీరామ్మూర్తి గొడుగు వదిలేసి గంతులేశాడు.

ఆఖరివాడు వచ్చాడు. గుడ్డిగా ఊపాడు, బంతి స్లిప్పుల మీదుగా ఫోర్ పోయింది. ఇంకా రెండే పరుగులు. మహాలక్ష్మమ్మ మెట్టు మీద లేచి నిలబడి, “ఏసీరా నాయినా!” అని అరిచింది. నాగబాబు ఈసారి బంతిని వాడి కాళ్ల మీదకి వేశాడు. వాడు కాలు తీసుకునేలోపే మధ్య స్టంప్ లేచిపోయింది.

ఇంక చెప్పేదేముంది! మెట్లన్నీ ఒక్కటే కేక. మహాలక్ష్మమ్మ పక్కవాళ్లనందరినీ వాటేసుకుంది, డబ్బా ఎటు దొర్లిపోయిందో కూడా చూసుకోలేదు.

టీమ్ బస్సు దగ్గర నాగబాబు కంచె అవతల నిలబడ్డాడు.

“గాలి తేవద్దన్నాను గదే?”

“తేలేదురా. అంటే, తెచ్చినాను గానీ, తెద్దామనుకున్నది అది కాదు.”

అతను పగలబడి నవ్వాడు. “సెంపకి కొండగాలి తగిలీసరికి పట్టు మార్సీసినాను. నాకు లోపలికి ఎయ్యడం వచ్చని నాకే తెల్దమ్మా! ఈ సీజనంతా నువ్వే ఉంటావన్నాడు కోచ్. ఇప్పుడే ఎల్లిపోతన్నాం, నాగపూర్.”

“ఇంటికి రావా మరి?”

“ఇంక ఏ ఫిబ్రవరికో.”

అప్పుడు వెలిగింది ఆమెకి. సముద్రపు గాలి పడవల్ని ఇంటికి తోలేది. కొండగాలి ఒడ్డు విడిపించి నడిసముద్రానికి తోలేది. తాను అనుకున్న గాలే వీచి ఉంటే, కొడుకు ఈ రాత్రి తన చేతి చేపల పులుసు తింటూ ఉండేవాడు, రేపు వల భుజానేసుకునేవాడు.

బస్సు కదిలింది. జనం వెంటపడి “నాగబాబూ! నాగబాబూ!” అని కేకలు పెడుతున్నారు. కొండగాలికి పడవ మీద కదిలినవాణ్ణి కన్నవాళ్లు వెనక నుంచి పేరు పెట్టి పిలవకూడదని రేవులో అందరూ అంటారు. మహాలక్ష్మమ్మ పైట చెంగు నోట్లో కుక్కుకుని, కళ్లనిండా నీళ్లతో నవ్వుతూ, బస్సు మలుపు తిరిగేదాకా పిలవకుండా నిలబడింది.