పాచిరంగు సీసాలు రెండు

కౌంటరు దగ్గర అతన్ని అందరూ కొలతన్న అనేవాళ్లు. ఇరవై రెండేళ్లుగా ఆ హోటల్లో మందు కలిపేది అతనే. గ్లాసు ఎవరి చేతికైనా ఇచ్చే ముందు ఎడమచేతి వెనక ఒక్క చుక్క వేసుకుని నాకి చూస్తాడు. చూశాకే గ్లాసు కదులుతుంది.

నలభై రోజుల కింద జ్వరం వచ్చింది. పోతూ పోతూ ముక్కునీ నాలుకనీ వెంట పట్టుకుపోయింది. తీపి లేదు, చేదు లేదు, నిమ్మకాయ కోస్తే వాసన లేదు. ఆ సంగతి భార్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు. రుచి తెలియని మనిషికి కౌంటరులో ఏం పని? పన్నెండు రోజులు ఇంట్లో పడుకుని తిరిగి వచ్చాడు. చుక్క వేసుకుని నాకుతూనే ఉన్నాడు, ఉత్తుత్తి నాకుడు. చేతికి కొలతలు వచ్చు గనక ఇన్నాళ్లూ గట్టెక్కాడు.

ఆ మధ్యాహ్నం గట్టెక్కే దారి మూసుకుపోయింది.

హోటలు నడిపే అమ్మగారు మూడింటికి వస్తానన్నారు. కొత్త మెనూ కార్డు సాయంత్రం అచ్చుకి వెళుతుంది. అందులో మొదటిది కొలతన్న సొంతంగా కూర్చిన పానీయం. రెండు కొలతల టెకీలా, ఒక కొలత నిమ్మరసం, ముప్పావు కొలత తీపి మూలికల లిక్యూరు, పావు కొలత చేదుది. ఆవిడ తాగి ఔనంటేనే కార్డెక్కుతుంది.

మూలికల లిక్యూరంటే ఆకులూ వేర్లూ మందులో నానబెట్టి, చక్కెర కలిపి తీసేది. ఆ రెండూ ఒకే కంపెనీవి, ఒకే రకం సీసాలు. ఐసు తొట్టిలో నానీ నానీ పేర్ల కాగితాలు ఎప్పుడో ఊడిపోయాయి. గ్లాసులో పోసినా రెండూ పాచిరంగే. వేళ్లకి రెండూ జిగురే. కొలతన్నకి కాగితంతో ఎప్పుడూ పని పడలేదు. తీపిది ఎడమ, చేదుది కుడి. అంతే.

రెండున్నరకి తొట్టిలో చెయ్యి పెట్టబోయి ఆగిపోయాడు.

తను జ్వరంతో పడుకున్నప్పుడు ఇక్కడ నిలబడింది బావమరిది. వాడు మామూలుగా భోజనాల హాల్లో వడ్డన చూస్తాడు. వాడిది ఎడమచేతి వాటం. కౌంటరంతా తన చేతికి అనువుగా అటువి ఇటు, ఇటువి అటు మార్చేసుకున్నాడు. కొలతన్న తిరిగొచ్చాక చాకూ షేకరూ అన్నీ మళ్లీ తన చోట పెట్టుకున్నాడు. ఈ సీసాలు? వీటిని అడిగినవాడు లేక వీటి జోలికే పోలేదు. వాడు మార్చాడో లేదో తెలియదు.

రెండిట్లోంచీ ఒక్కో చుక్క నాలుక మీద వేసుకున్నాడు. చల్లగా తగిలింది. నీళ్లు తాగినట్టే ఉంది. తారుమారైతే ముప్పావు కొలత చేదు పడుతుంది, ఆవిడ నోట పెట్టీ పెట్టగానే ఉమ్మేస్తారు.

హాలు గుమ్మం దగ్గరికి వెళ్లి పిలిచాడు.

"ఏరా, ఇలా రా."

"ఏంటి బావా, మొహం అలా పెట్టావు? అక్క ఫోన్ చేసిందా?"

"ఈ సీసాలు అప్పుడు నువ్వు మార్చావా?"

"మార్చే ఉంటాను. నీ కౌంటరంతా నాకు తలకిందులే కదా. చుక్క వేసి చూసుకో, అంతోటి దానికి నన్నెందుకు పిలవడం?"

కొలతన్న తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. పొడిగా ఉన్న చేతుల్నే మళ్లీ తుడుచుకున్నాడు.

"చూశాను. తెలియట్లేదు."

"ఏది తెలియట్లేదు?"

"ఏదీ తెలియట్లేదురా. జ్వరం నుంచీ."

నవ్వుతాడనుకున్నాడు. వాడు నవ్వాడు గానీ అది ఎగతాళి నవ్వు కాదు.

"బతికించావు, నోరు విప్పావు! నాకు తెలుసు బావా. పోయిన ఆదివారం మా ఆవిడ కూర బొగ్గయింది. పిల్లలు కంచాలు తోసేశారు. నువ్వొక్కడివే బాగుందమ్మా అని రెండోసారి వేయించుకున్నావు. మీ బావని చూసి నేర్చుకోమని అది నా ప్రాణం తీస్తోంది."

"తెలిసీ ఊరుకున్నావా?"

"పెద్దవాడివి. నువ్వు చెప్పకుండా నేనెలా అడుగుతాను?"

వాడు ఎడమవైపు సీసా ఎత్తి చుక్క నోట్లో వేసుకున్నాడు. కళ్లు గట్టిగా మూసుకుని భుజాలు విదిలించాడు.

"ఇదే నీ చేదు. యముడికి పోస్తే నమస్కారం పెట్టి వెళ్లిపోతాడు."

ఎడమవైపుది. అలవాటున పోసి ఉంటే కొంప మునిగేదే.

మూడింటికి అమ్మగారు వచ్చి కౌంటరు ముందు కూర్చున్నారు. కొలతన్న కొలిచి పోశాడు. షేకరు పట్టుకున్న చేతులు చలికి కొంకర్లు పోయేదాకా ఊపాడు. గ్లాసులో వడకట్టాడు. అలవాటున ఎడమచెయ్యి చాచాడు, చుక్క వేసుకోవడానికి. చాచి, వెనక్కి తీసుకున్నాడు.

"చుక్క వేసుకోలేదేం?" అన్నారు ఆవిడ.

వేసుకుని నాకేస్తే సరిపోయేది. పక్కనే బావమరిది నిలబడి చూస్తున్నాడు.

"వేసుకున్నా లాభం లేదమ్మగారూ. నలభై రోజులుగా నాకు రుచి తెలియట్లేదు. ఇందాక సీసాలు వీడు చూసి చెప్పాడు."

ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగారు. దించారు. మళ్లీ ఎత్తారు.

"నలభై రోజులా? ఒక్క గ్లాసైనా వెనక్కి రాలేదే!"

"చెయ్యి కొలుస్తుందమ్మగారూ."

"మరి చెప్పడానికేం? ఒక్కడివే ఎందుకయ్యా అలా చచ్చావు?" ఆవిడ మూడో గుక్క తాగారు. "ముక్కు తిరిగొచ్చేదాకా మీ బావమరిది నీ పక్కన నిలబడతాడు. చెయ్యి నీది, నాలుక వాడిది. ఇది కార్డులో మొదటే ఉంటుంది. ఆ సీసాలు ఇంకోసారి అటూ ఇటూ చేశారో, ఇద్దర్నీ తొట్టిలో నిలబెడతాను."

గ్లాసు చేత్తో పట్టుకునే వెళ్లిపోయారు.

కొలతన్న ఖాళీ సీసాల పెట్టె తిరగేసి దాని మీద కూలబడ్డాడు. నెత్తి మీంచి కొండ దించినట్టుంది. బావమరిది చేదు సీసా మెడకి రబ్బరు బ్యాండు చుట్టాడు.

"ఇక కళ్లు మూసుకుని తడిమినా తెలుస్తుంది బావా."

కొలతన్న భార్యకి ఫోన్ చేశాడు.

"చెప్పేశాను."

"ఎవరికి?"

"అందరికీ. ఉద్యోగం ఉంది."

"అమ్మయ్య! ఆ మాట కడుపులో దాచుకోలేక నేను సగమైపోయాను. ఒక్క మా మరదలికి తప్ప ఎవరికీ చెప్పలేదు, ఒట్టు."

మరదలంటే బావమరిది భార్య. కొలతన్న తలెత్తి చూశాడు. బావమరిది ఎక్కడలేని శ్రద్ధతో తుడిచిన గ్లాసునే మళ్లీ తుడుస్తున్నాడు.

"ఏరా, ఆ కూర కావాలనే మాడ్చారా?"

"అయ్యో, లేదు బావా. అది దానంతట అదే మాడింది. పెట్టి చూద్దామన్నది మాత్రం నేనే."

నలభై రోజుల తర్వాత కొలతన్న పగలబడి నవ్వాడు.