జింక కార్జం, 2019

మార్లిస్ తొమ్మిదేళ్లుగా పేపర్ ప్లేట్లు మోస్తోంది. వాళ్ళ కుటుంబంలో ఏ వేడుకైనా సరే, ఎవరేం తేవాలో చీటీ రాసేది ఆమె ఆడపడుచు ఆర్డిస్. ఒకరికి బంగాళాదుంపల సలాడ్, ఒకరికి హామ్, మార్లిస్ పేరుకెదురుగా మాత్రం పేపర్ ప్లేట్లు. అవీ తెల్లవే, కనీసం పువ్వులున్నవి కూడా కాదు.

కారణం లేకపోలేదు. తొమ్మిదేళ్ల కిందట చర్చి భోజనాలకి బ్రౌనీలనే చాక్లెట్ కేకు ముక్కలు చేస్తూ, చక్కెర డబ్బా అనుకుని ఉప్పు డబ్బా వంచింది. అమెరికాలో ఈ మిన్నెసోటా మనుషులు ఛస్తారు గాని పెట్టినదాన్ని బాగాలేదనరు. నలభై మంది కళ్ళనీళ్ళు కుక్కుకుంటూ తిన్నారు. పాస్టరైతే మొహమాటానికి రెండో ముక్క కూడా తిని, ఆఖర్న ఆశీర్వచనం చెప్పడానికి గొంతు పెగలక చేతులూపి పంపించేశాడు. ఆర్డిస్ ఒక్కతే నోరు విప్పి, "కాస్త తేడాగా ఉంది" అంది. ఆ ఊళ్ళో అంతకు మించిన తిట్టు లేదు.

ఇప్పుడు మనవరాలు క్రిస్టెన్ హైస్కూల్ పూర్తి చేసింది. జూన్ మొదటి శనివారం మార్లిస్ కొడుకింట్లో, గ్యారేజీ ఖాళీ చేసి విందు. ఆ పిల్ల ఆర్డిస్ చీటీ లాక్కుని, పేపర్ ప్లేట్లు కొట్టేసి బ్రౌనీలని రాసింది. నాన్నమ్మ చేసినవే కావాలంది, అందరి ముందూ. ఆర్డిస్ అప్పటికి ఊరుకుంది గాని, మర్నాడు పనిగట్టుకుని ఫోన్ చేసి, డబ్బాల మీద పేర్లు రాసుకున్నావా అని అడిగింది. మార్లిస్‌కి ఒళ్ళు మండిపోయింది. ఈసారి గనక పరువు పోతే ఇక కాటికెళ్ళేదాకా ప్లేట్లే.

మూడు వారాల ముందే చేసిపెట్టింది. చక్కెర వేసేముందు మూడుసార్లు నాలిక మీద వేసుకు చూసింది. చల్లారాక నలభై ఎనిమిది ముక్కలు కోసి, రెండు పెద్ద డబ్బాల్లో పేర్చి, నేలమాళిగలోని ఫ్రీజర్లో అడుక్కి తోసింది. ఇక మిగిలిన గండం మొగుడు వెర్లిన్. ఆ మనిషికి గడ్డకట్టిన తీపి కనిపిస్తే రాయిలా ఉన్నా సరే, కాఫీలో ముంచుకుని మింగేస్తాడు. అందుకని డబ్బాల మీద పట్టీ అంటించి, పెద్ద అక్షరాలతో జింక కార్జం, 2019 అని రాసింది. పాత కార్జం జోలికి కుక్క కూడా పోదు కదా అని నిశ్చింతగా నిద్రపోయింది.

విందు నాడు డబ్బాలు విప్పకుండానే కొడుకింటికి మోసుకెళ్ళింది. చుట్టాలు రావడానికి పావుగంట ఉందనగా వంటింట్లో మూత తీసింది. పైన ఆరు ముక్కలున్నాయి. వాటి కింద మడతపెట్టిన వార్తాపత్రికలు. రెండో డబ్బాలో అయిదు ముక్కలు, మళ్ళీ పత్రికలే. వెర్లిన్ తలుపు దగ్గర నిలబడి తన బూట్లను కొత్తగా చూస్తున్నట్టు చూస్తున్నాడు.

"కార్జం అని రాశాను కదయ్యా!"

"ఆ ఏడాది వేటలో నేను జింకనే కొట్టలేదు మార్లిస్. మూడుసార్లూ గురి తప్పింది. ఊరంతా తిరిగి చెప్పింది నువ్వేగా" అన్నాడు వెర్లిన్. "రోజుకొకటే అనుకున్నా. అంత బాగా చేస్తే నా తప్పా?"

చేతిలో కత్తి ఉంది గాని అది పదునైనది కాదు, వెర్లిన్ బతికిపోయాడు. బయట కార్ల తలుపులు పడుతున్నాయి. వచ్చేది డెబ్భై మంది, ఉన్నవి పదకొండు. మార్లిస్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. ఆ పదకొండూ ఒక పళ్ళెంలో పెట్టి, సలాడ్ వెనకాల బల్ల చివర దాచినట్టుగా పెట్టింది. దాని పక్కనే ఆర్డిస్ చేసుకొచ్చిన నిమ్మకాయ బిళ్ళలు కొండలా ఉన్నాయి.

అయితే ఆ జనం సంగతి మార్లిస్ కంగారులో మరిచిపోయింది. పళ్ళెం నిండుగా ఉంటే చేతులు చాస్తారు. కాస్త ఖాళీ కనబడితే చాలు, మర్యాద పట్టుకుంటుంది. మొదట వచ్చినావిడ ఒక ముక్కని సగానికి కోసి, సగం అక్కడే పెట్టింది. తర్వాతాయన ఆ సగంలో సగం కోశాడు. పాస్టరు పాత అనుభవం కొద్దీ గోరంత గిల్లి నోట్లో వేసుకుని, ఒక్క క్షణం ఆగి, ఇంకో గోరంత గిల్లాడు. అందరూ అయ్యో వద్దులెండి, మీరు తీసుకోండి అంటూనే మళ్ళీ మళ్ళీ బల్ల చుట్టూ తిరిగారు. కత్తికి తీరిక లేదు. నిమ్మకాయ బిళ్ళల వైపు ఎవరూ పోలేదు. మార్లిస్ కాఫీ పోస్తున్నట్టు నటిస్తూ అన్నీ చూసింది.

నాలుగింటికి బొటనవేలంత ముక్క ఒక్కటి మిగిలింది. అది కదలదు. ఆఖరి ముక్క తీసినవాడి పేరు ఆ ఊళ్ళో మనవల దాకా చెప్పుకుంటారు. మార్లిస్ కాఫీ కూజా నింపుకురావడానికి లోపలికెళ్ళి, వచ్చేసరికి పళ్ళెం ఖాళీ. బల్ల దగ్గర ఆర్డిస్ నోరు బిగించుకుని నిలబడి ఉంది. డెబ్భై మూడేళ్లలో ఏనాడూ ఆఖరి ముక్క ముట్టని మనిషి. స్వెట్టర్ మీద నల్లని పొడి.

మార్లిస్ కూజాతోనే దగ్గరికెళ్ళింది. అడిగేసింది.

"ఎలా ఉంది వదినా?"

ఆర్డిస్ నోట్లోది మింగడానికి చాలాసేపు పట్టింది.

"తేడా ఏమీ లేదు" అంది.

మార్లిస్‌కి కళ్ళు చెమర్చాయి. కాఫీ పోయబోతే కప్పులో కన్నా సాసర్లో ఎక్కువ పడింది. ఆర్డిస్ పట్టించుకోకుండా సంచీలోంచి కలం, క్రిస్మస్ చీటీ తీసింది. జూన్ నెలే, అయినా అన్నీ ముందే రాసిపెట్టుకునే మనిషి. మార్లిస్ పేరుకెదురుగా బ్రౌనీలని రాసి, తమ్ముడి వైపు చూసింది. వెర్లిన్ అంత దూరంలో నిలబడి, తప్పక నిమ్మకాయ బిళ్ళ నములుతున్నాడు.

"ప్లేట్లు వాడు తెస్తాడు" అంది ఆర్డిస్. "తెల్లవే."