వెనక సీటు

బీచ్ రోడ్డు మలుపు తిరగగానే అరకు ఘాట్ అయిపోతుంది, అయినా కుడిపక్కన సముద్రం అలాగే ఉంటుంది, హైమవతికి అదేమీ వింతగా తోచదు. ఆమెకు కనిపించేదల్లా రోడ్డు పక్కన బానెట్ ఎత్తిపెట్టిన ఎర్ర రేసు కారు, దాని ముందు చెయ్యెత్తి నిలబడిన తండ్రి భీమశంకరం. ఆయన పోయి నాలుగేళ్లయింది. చొక్కా మీద ఆయిలు మరక మాత్రం తడిగానే ఉంది.

ఆమె తన కొత్త సెడాన్ ఆపుతుంది. ఆయన వెనక కూర్చుని, సీటు తడిమి చూసి నవ్వుతాడు.

"ఏటే ఇది, బండా, పెళ్లిపందిట్లో సోఫానా? ఇంజిను బతికుందో లేదో తెలీడం లేదు. నా బండి స్టార్ట్ చేస్తే వీధి చివర కిటికీలు అదిరేవి."

"అదిరేవి నాన్నా. చంటిపిల్లలు ఉలిక్కిపడి ఏడ్చేవారు."

"పోటీల్లో దాని వెనక దుమ్ము తినని వాడు లేడు."

"దాంట్లో రెండే సీట్లు. ఇందులో అయిదుగురు పడతారు, సామానుతో సహా."

"సామాన్లకి లారీ ఉంది గదే."

హైమవతి వేగం తగ్గిస్తుంది, ఇంకా తగ్గిస్తుంది, ఎడ్లబండి ఒకటి వాళ్లని దాటిపోతుంది, తర్వాత కర్ర పట్టుకున్న ముసలమ్మ కూడా దాటిపోతుంది, వెనక సీట్లో తండ్రి కుడికాలు అక్కడ లేని పెడల్ని నొక్కుతూనే ఉంటుంది.

"తొక్కవే తల్లీ. ప్రాణం పోతోంది నాకు."

"అది ఎప్పుడో పోయింది కదా నాన్నా. అమ్మకి నొప్పులొచ్చిన రోజు నువ్వు తొక్కి ఉండాల్సింది."

ఆమెకి ఏడేళ్లప్పటి మాట. తుపాను వాన. మర్నాడు పోటీ ఉందనీ, కొత్త టైర్లు బురదలో పాడవుతాయనీ ఆయన షెడ్డు తాళం తియ్యలేదు. అమ్మ రిక్షాలో వెళ్లింది. తమ్ముడు ఆ రిక్షాలోనే పుట్టి, ఆస్పత్రి చేరేలోపే పోయాడు.

"గెలిచేను గదే," అంటాడాయన మెల్లగా. "ఆ కప్పు మీ అమ్మ చేతికే ఇచ్చేను."

"నువ్వు పోయేదాకా దాంతోనే బియ్యం కొలిచింది. నువ్వు తిన్న ప్రతి ముద్దా అందులోంచి వచ్చిందే."

ఆయన కాలు ఆగిపోతుంది. ఘాట్ రోడ్డు మీద వాన మొదలవుతుంది. ఆమె బండి ఆపుతుంది.

"దిగు."

"వానే, హైమా."

"అవును. వానే."

"ఇంత చోటుంది గదే ఇందులో."

"అది తమ్ముడి చోటు."

ఆయన దిగగానే ఆమె బటన్ నొక్కుతుంది, నాలుగు తలుపులూ ఒక్కసారే తాళం పడతాయి, ఆయన అద్దం మీద కొడుతూ ఉంటాడు, ఆమె అటు తిరగదు, ఎన్నేళ్లుగానో గుండెలో గడ్డకట్టినదేదో కరిగి ఒంటినిండా హాయిగా పాకుతుంది, ఇంకా కొట్టనీ అనుకుంటుంది, ఇంకా.

మెలకువ వచ్చింది. మధ్యాహ్నం. కంటాస్పత్రి ముందు, కారులో, స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఉంది. బయట సన్నగా తుంపర. తలమీద పైట కప్పుకుని, ఆపరేషన్ చేసిన కంటికి నల్లద్దాలు పెట్టుకుని, అమ్మ కిటికీ మీద కొడుతోంది.

హైమవతి తడబడుతూ తలుపు తీసింది.

"ఎంతసేపట్నుంచి కొడుతున్నానో," అంది అమ్మ, తడిసిన భుజాలు తుడుచుకుంటూ. "కొట్టిన కొద్దీ నిద్దట్లో నవ్వుతున్నావేటే?"